హరిశ్చంద్రపురం పోయింది, టెక్కలి వచ్చింది: అచ్చెన్నాయుడి ఎన్నికల లెక్క

కింజరాపు అచ్చెన్నాయుడి గురించి ఎవరు రాసినా మొదటి వాక్యం దాదాపు ఒకటే ఉంటుంది: ఆరుసార్లు ఎమ్మెల్యే. మాట నిజమే. 1996 ఉప ఎన్నిక, 1999, 2004, 2014, 2019, 2024. లెక్క సరిగ్గా సరిపోతుంది. కానీ ఈ వరుసలో 2004 తర్వాత ఏకంగా 2014 వస్తుంది. మధ్యలో పదేళ్లున్నాయి. ఆ పదేళ్లలో రెండు ఓటములున్నాయి. రెండూ 2009లోనే, కొద్ది నెలల తేడాలో, ఒకే నియోజకవర్గంలో జరిగాయి. అంతకుముందు 1983 నుంచి 2004 వరకూ ఏడుసార్లు ఎన్నిక జరిగితే ఏడుసార్లూ అన్నదమ్ములిద్దరిలో ఒకరు గెలుస్తూ వచ్చిన కుటుంబమది.

మరి 2009లో ఏమైంది? శ్రీకాకుళంలో ఎవరినడిగినా తలో కారణం చెబుతారు. రాజశేఖరరెడ్డి గాలి అంటారు ఒకరు, చిరంజీవి పార్టీ ఓటు చీల్చిందంటారు ఇంకొకరు, కులం లెక్క తప్పిందంటారు మరొకరు. అన్నింటిలోనూ కొంత నిజముంది. అయితే వీటన్నిటి కన్నా ముందు జరిగింది ఒకటుంది: ఆయన గెలుస్తూ వచ్చిన నియోజకవర్గమే లేకుండా పోయింది. నాయకుడి గెలుపోటముల పట్టిక చూసి ఆయన బలం ఎంతో తేల్చేసే అలవాటు మనకు బాగా ఉంది. ఏ ఊళ్లు కలిపితే ఆ సీటయిందో చూడకుండా ఆ పట్టిక చదవడమంటే సగమే చదవడం. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, ఇది మరీ నిజం.

అన్న కట్టిన సీటు

ఇప్పటి కుర్రాళ్లకు హరిశ్చంద్రపురం అంటే హౌరా–చెన్నై లైనులో ఒక చిన్న రైల్వే స్టేషను పేరు. కోటబొమ్మాళి మండలంలో ఒక ఊరు. 2004 ఎన్నికల వరకూ ఆ పేరుతో ఒక అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. కింజరాపు వారి స్వగ్రామం నిమ్మాడ కూడా ఆ మండలంలోనే, జాతీయ రహదారి మీద ఉంటుంది.

1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలో ఇక్కడ గెలిచినప్పుడు అచ్చెన్నాయుడి అన్న ఎర్రన్నాయుడికి 25 ఏళ్లు. 1985లో మళ్లీ గెలిచారు. ఈ రెండూ పార్టీ గెలుపులని ఎవరైనా అనొచ్చు. ఆ రెండు ఎన్నికల్లో పసుపు జెండా పట్టుకున్నవాళ్లు చాలామంది గెలిచారు. అందుకే నా దృష్టిలో అసలు గమనించాల్సింది 1989 ఫలితం. ఆ ఏడాది తెలుగుదేశం టికెట్ ఆయనకు రాలేదు. ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. రాష్ట్రంలో తెలుగుదేశం అధికారం పోగొట్టుకుని కాంగ్రెస్ గద్దెనెక్కిన ఆ ఎన్నికలో, ఏ పార్టీ గుర్తూ లేకుండా, ఆయన గెలిచారు. పార్టీ ఓటు ఎంత, మనిషి ఓటు ఎంత అన్న ప్రశ్నకు ఇంత తేటగా జవాబు దొరికే సందర్భాలు అరుదు. అక్కడి నుంచే అది ఎర్రన్న సీటయింది. 1994లో తిరిగి తెలుగుదేశం తరఫున గెలిచారు.

1996లో ఆయన శ్రీకాకుళం ఎంపీ అయ్యారు. అటు అసెంబ్లీలోనూ ఇటు లోక్‌సభలోనూ ఒకే మనిషి కొనసాగడానికి వీల్లేదు. పార్లమెంటుకు ఎన్నికైన ఎమ్మెల్యే, గెజిట్‌లో ప్రకటన వచ్చిన 14 రోజుల్లోపు శాసనసభ సభ్యత్వం వదులుకోవాలి, లేకపోతే పార్లమెంటు సీటే పోతుంది. అలా ఖాళీ అయిన హరిశ్చంద్రపురానికి ఉప ఎన్నిక వచ్చింది. తమ్ముడు అచ్చెన్నాయుడు శాసనసభకు వచ్చింది ఆ దారినే.

అన్న వదిలిన సీటు తమ్ముడికి అప్పనంగా దక్కిందని తేలిగ్గా అనేస్తారు. అప్పటి పరిస్థితి గుర్తుచేసుకుంటే అంత తేలికగా అనలేం. 1995 ఆగస్టులో తెలుగుదేశం రెండుగా చీలింది. 1996 జనవరిలో ఎన్టీఆర్ కన్నుమూశారు. జనంలో బాధ ఉంది, చంద్రబాబు మీద కోపమూ ఉంది. ఇదే జిల్లాలోని పాతపట్నంలో అదే ఏడాది ఉప ఎన్నిక జరిగితే లక్ష్మీపార్వతి గెలిచారు. అంతకు రెండేళ్ల ముందు, 1994లో, టెక్కలి ఓటర్లు ఎన్టీఆర్‌నే గెలిపించుకున్నారు. హిందూపురంలోనూ గెలిచిన ఆయన హిందూపురాన్ని ఉంచుకుని టెక్కలిని వదిలేశారు. ఎన్టీఆర్ పేరుకు ఇంత పట్టున్న చోట, చీలిక తర్వాత చంద్రబాబు వైపు నిలబడి హరిశ్చంద్రపురాన్ని నిలబెట్టుకోవడం చిన్న విషయమేం కాదు.

1999లో గెలిచారు. 2004లో రాష్ట్రమంతా తెలుగుదేశం కుప్పకూలి 294 సీట్లలో 47కు పడిపోయినప్పుడూ గెలిచారు. ఎర్రన్నాయుడు లోక్‌సభకు 1996, 1998, 1999, 2004 వరుసగా నాలుగుసార్లు ఎన్నికయ్యారు. మధ్యలో కేంద్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ చూశారు. పైన అన్న, కింద తమ్ముడు అన్నట్టు సాగింది. కంచుకోట అనే మాట ఉత్తరాంధ్రలో అప్పట్లో హరిశ్చంద్రపురానికి చెల్లింది.

24 సీట్లు 19 ఎలా అయ్యాయి

ఇక్కడే కథ కొంచెం చట్టంలోకి వెళుతుంది. విసుగనిపించినా ఇది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

2004 దాకా మనం ఓటేసిన నియోజకవర్గాల సరిహద్దులు 1971 జనాభా లెక్కల ఆధారంగా 1976లో గీసినవి. తర్వాత పాతికేళ్లపాటు వాటిని ఎవరూ ముట్టుకోలేదు. 2002 పునర్విభజన చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన కమిషన్ వేశారు. రాష్ట్రంలో మొత్తం సీట్ల సంఖ్య మార్చకూడదు, అది 294 గానే ఉండాలి. కానీ 2001 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రం లోపల సీట్లను మళ్లీ సర్దాలి. ఒక్కో సీటులో ఇంచుమించు సమానంగా జనం ఉండాలి. 2008 ఫిబ్రవరిలో ఆ కొత్త గీతలు అమల్లోకి వచ్చాయి. 2009లో మొదటిసారి వాటి మీద ఎన్నికలు జరిగాయి.

ఈ సర్దుబాటులో శ్రీకాకుళం జిల్లాకు 12 ఉన్న సీట్లు 10 అయ్యాయి. విజయనగరానికి 12 ఉన్నవి 9 అయ్యాయి. రెండు జిల్లాలు కలిపి ఐదు సీట్లు పోగొట్టుకున్నాయి. అవి ఎక్కడికి పోయాయి? జనం పెరిగిన చోటికి, ముఖ్యంగా హైదరాబాద్ చుట్టుపక్కలకు. మన జిల్లాల్లో జనం ఎందుకు పెరగలేదో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. విశాఖలో, హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనుల్లో ఉన్నదెవరు? గుజరాత్ రేవుల్లో పడవలెక్కేదెవరు? ఉపాధి లేక ఊళ్లు ఖాళీ అయితే ఆ ఖాళీకి శిక్షగా అసెంబ్లీలో మన గొంతు కూడా తగ్గింది. ఈ అన్యాయం గురించి మన దగ్గర జరగాల్సినంత చర్చ ఇప్పటికీ జరగలేదని నా బాధ.

శ్రీకాకుళంలో సోంపేట, హరిశ్చంద్రపురం, ఉణుకూరు, కొత్తూరు పేర్లు పోయాయి. పలాస, రాజాం కొత్తగా వచ్చాయి. విజయనగరంలో సతివాడ, భోగాపురం, ఉత్తరాపల్లి, తెర్లాం, నాగూరు పోయి నెల్లిమర్ల, కురుపాం వచ్చాయి. పేర్లతో పాటు రిజర్వేషన్లూ మారాయి. అప్పటిదాకా ఎస్సీ సీటుగా ఉన్న ఎచ్చెర్ల జనరల్ అయింది, రాజాం ఎస్సీ అయింది. ఎస్సీ సీటుగా ఉన్న పాలకొండ ఎస్టీ అయింది.

టెక్కలి పేరు మాత్రం నిలిచింది. కానీ లోపలి సరుకు మారిపోయింది. కొత్త టెక్కలి అంటే టెక్కలి, నందిగాం, సంతబొమ్మాళి, కోటబొమ్మాళి మండలాలు. నిమ్మాడ ఉన్న కోటబొమ్మాళి ఇందులోకి వచ్చింది కాబట్టి అచ్చెన్నాయుడు టెక్కలికి మారడం సహజం. అయితే ఇంటి మండలం వెంట వచ్చినంత మాత్రాన సీటు వెంట రాదు.

ఎమ్మెల్యేకి నియోజకవర్గం అంటే అచ్చంగా ఏమిటి? ప్రతి ఊరిలో ఫోన్ చేస్తే పలికే ఒక మనిషి. ఆ మనిషి సర్పంచో, మాజీ ఎంపీటీసీయో, నీటి సంఘం అధ్యక్షుడో, రేషన్ డీలరో కావచ్చు. పోలింగ్ రోజు ఏజెంటుగా ఎవరు కూర్చుంటారో, ఏ వీధివాళ్లు ఎవరి మాట వింటారో, ఎవరింటి పెళ్లికి తప్పకుండా వెళ్లాలో ఆ మనిషికి తెలుసు. ఈ అల్లిక ఏళ్లకేళ్లు పడితే గానీ తయారవదు. హరిశ్చంద్రపురంలో పాతికేళ్లు అల్లింది ఒక్క గెజిట్‌తో ముక్కలైంది. పాత టెక్కలి ఊళ్లలో అలాంటి అల్లిక అప్పటికే వేరేవాళ్లకుంది. అక్కడి రాజకీయాల్లో ముందు నుంచీ ఉన్న కొర్ల రేవతీపతి కాంగ్రెస్ అభ్యర్థిగా ఎదురు నిలబడ్డారు, గెలిచారు.

కొత్త గీత ఒక్కటే ఓడించిందని కూడా అనలేం. 2009లో శ్రీకాకుళం జిల్లా పది సీట్లలో కాంగ్రెస్ తొమ్మిది గెలిచింది. తెలుగుదేశానికి దక్కింది ఇచ్ఛాపురం ఒక్కటే. ప్రజారాజ్యం రావడంతో పోటీ ముక్కోణమైంది. నాలుగుసార్లు వరుసగా గెలిచిన ఎర్రన్నాయుడే లోక్‌సభకు కిల్లి కృపారాణి చేతిలో ఓడిపోయారు. అయినా ఆ ఏడాది ఓడినవాళ్ల పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. సోంపేటలో 1985 నుంచి 2004 దాకా ఐదుసార్లు గెలిచిన గౌతు శ్యామసుందర శివాజీ, సోంపేట పోయి పలాసకు మారి ఓడారు. ఎచ్చెర్ల నుంచి ఐదుసార్లు గెలిచి, 1999 నుంచి 2004 వరకూ రాష్ట్ర శాసనసభ తొలి మహిళా స్పీకర్‌గా పనిచేసిన ప్రతిభా భారతి, ఎచ్చెర్ల జనరల్ కావడంతో రాజాం వెళ్లి ఓడారు. ఉణుకూరు నేత కిమిడి కళా వెంకటరావు, ఉణుకూరు పోవడంతో ఎచ్చెర్లకు వెళ్లి ప్రజారాజ్యం తరఫున ఓడారు. అచ్చెన్నాయుడితో కలిపి నలుగురు. నలుగురికీ పాత సీటు చేజారింది, నలుగురూ కొత్త చోట అదే ఏడాది ఓడారు. అదే ఎన్నికలో పక్క జిల్లాలో, పేరు మారని విజయనగరంలో అశోక్ గజపతిరాజు తెలుగుదేశం తరఫునే గెలిచారు. పేరు నిలిచిన చీపురుపల్లిలో బొత్స సత్యనారాయణ కాంగ్రెస్ తరఫున గెలిచారు. గాలి ఒక్కటే కారణమైతే అశోక్ కూడా కొట్టుకుపోవాలి.

ఆ నలుగురి తర్వాతి దారులు కూడా చెప్పుకోదగ్గవే. శివాజీ 2014లో పలాసలో గెలిచారు. 2024లో అదే సీటు ఆయన కూతురు శిరీష గెలిచారు. కళా 2014లో తిరిగి తెలుగుదేశం తరఫున ఎచ్చెర్లలో గెలిచి, 2019లో ఓడి, 2024లో జిల్లాయే దాటి చీపురుపల్లి వెళ్లి బొత్సను 11,971 ఓట్లతో ఓడించారు. ప్రతిభా భారతికి మాత్రం రాజాం ఎన్నడూ కలిసిరాలేదు. 2014లోనూ అక్కడ ఓడారు. ఒకప్పుడు స్పీకర్ కుర్చీలో కూర్చున్న దళిత మహిళ రాజకీయ జీవితం ఒక రిజర్వేషన్ మార్పు దగ్గర తెగిపోయిన తీరు గురించి రాయాల్సింది చాలా ఉంది.

ఒకే ఏడాది రెండో ఓటమి

రేవతీపతి ఎమ్మెల్యే అయిన కొద్ది కాలానికే మరణించారు. ఖాళీ ఏర్పడిన ఆరు నెలల్లోపు ఉప ఎన్నిక జరపాలన్నది నియమం. అది నవంబర్‌లో వచ్చింది. కాంగ్రెస్ ఆయన భార్య కొర్ల భారతిని నిలబెట్టింది. అచ్చెన్నాయుడు మళ్లీ పోటీ చేసి మళ్లీ ఓడారు.

ఈ ఓటమిని మొదటిదానితో కలిపి చదవకూడదు. భర్త పోయిన ఆడమనిషి ఓటడగడానికి గుమ్మం ముందుకొస్తే కాదనడం మన ఊళ్లలో కష్టం. పైగా సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయి రెండు నెలలే అయింది. రాష్ట్రంలో అధికారం కాంగ్రెస్‌దే. ఇన్ని కలిసినప్పుడు వచ్చిన ఫలితాన్ని పట్టుకుని ఒక నాయకుడి సొంత బలం కొలవడం పొరపాటు. ఉప ఎన్నిక ఫలితాలను మామూలు ఎన్నికల పక్కన అదే వరుసలో రాసేస్తాం గానీ, వాటి స్వభావమే వేరు. 1996లో ఆయన గెలుపుకూ ఇదే మాట వర్తిస్తుంది.

నేను ఎక్కువ విలువిచ్చేది ఆ తర్వాత జరిగినదానికి. రెండుసార్లు ఓడిన చోటు వదిలి వేరే సీటు వెతుక్కోవడం మన రాజకీయాల్లో మామూలు. ఆయన టెక్కలిలోనే ఉండిపోయారు. అధికారం లేని అయిదేళ్లూ ఆ నాలుగు మండలాల్లోనే తిరిగారు. 2012 నవంబర్ 2న రణస్థలం దగ్గర రోడ్డు ప్రమాదంలో ఎర్రన్నాయుడు పోయారు. అన్న ఉన్నంతకాలం తమ్ముడు ఆయన నీడలో ఉన్నాడనే మాట జిల్లాలో ఉండేది. 2014 నాటికి ఆ నీడా లేదు, తోడూ లేదు. ఎర్రన్నాయుడి కొడుకు రామ్మోహన్ నాయుడు లోక్‌సభకు, బాబాయి టెక్కలికి నిలబడ్డారు. ఇద్దరూ గెలిచారు.

మూడు మెజారిటీలు చెప్పేది

2014: అచ్చెన్నాయుడు 81,167, వైఎస్సార్‌సీపీ అభ్యర్థి దువ్వాడ శ్రీనివాస్ 72,780. మెజారిటీ 8,387.

2019: అచ్చెన్నాయుడు 87,658, వైఎస్సార్‌సీపీ అభ్యర్థి పేరాడ తిలక్ 79,113. మెజారిటీ 8,545.

2024: అచ్చెన్నాయుడు 1,07,923, మళ్లీ దువ్వాడ శ్రీనివాస్ 73,488. మెజారిటీ 34,435.

మొదటి రెండు అంకెల్ని కాస్త ఆగి చూడండి. 2014లో తెలుగుదేశం రాష్ట్రంలో అధికారంలోకి వచ్చింది, శ్రీకాకుళం జిల్లాలో పదికి ఏడు గెలిచింది. 2019లో అదే పార్టీ రాష్ట్రంలో 175కి 23కు పడిపోయింది. జిల్లాలో ఇచ్ఛాపురం, టెక్కలి రెండే మిగిలాయి. విజయనగరంలో తొమ్మిదికి తొమ్మిదీ పోయాయి. ఇంత తేడా ఉన్న రెండు ఎన్నికల్లో టెక్కలి మెజారిటీ మారింది 158 ఓట్లు. 1989లో అన్న ఇండిపెండెంట్‌గా గెలిచినప్పుడు కనిపించింది ఏదో, 2019లో తమ్ముడి దగ్గర మళ్లీ అదే కనిపించింది. పదేళ్ల కిందట కాదన్న టెక్కలిలో ఈసారి అల్లిక కుదిరింది.

2019 లోక్‌సభ ఫలితం పక్కన పెడితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. శ్రీకాకుళం లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీ సీట్లున్నాయి. వాటిలో ఐదు వైఎస్సార్‌సీపీ గెలిచింది. అయినా ఎంపీగా రామ్మోహన్ నాయుడే 6,653 ఓట్లతో గెలిచారు. ఎమ్మెల్యేకి ఒక గుర్తు, ఎంపీకి ఇంకో గుర్తు నొక్కినవాళ్లు వేలల్లో ఉన్నారన్నమాట. ఏడు నియోజకవర్గాలు కలిపి ఎంపీకి వచ్చిన మెజారిటీ కన్నా ఒక్క టెక్కలిలో ఎమ్మెల్యేకి వచ్చిన మెజారిటీ ఎక్కువ. టెక్కలి ఇచ్చిన ఆధిక్యం లేకపోతే ఆ ఎంపీ సీటు సంగతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఎదుటి పక్షం కూడా ఊరికే కూర్చోలేదు. 2014లో టెక్కలికి నిలబడిన దువ్వాడ శ్రీనివాస్‌ను 2019లో ఎంపీ అభ్యర్థిని చేసింది, టెక్కలికి తిలక్‌ను తెచ్చింది. 2024లో ఇద్దరినీ తారుమారు చేసి, తిలక్‌ను ఎంపీకి, శ్రీనివాస్‌ను టెక్కలికి పంపింది. ఇలా మార్చడం వెనక కుల సమీకరణ ఉందన్నది జిల్లాలో బహిరంగ రహస్యం. వెలమ, కాళింగ, తూర్పు కాపు, మత్స్యకార వర్గాల లెక్కలు వేయకుండా ఇక్కడ ఏ పార్టీ టికెట్ ఇవ్వదు. కానీ కులంతోనే అంతా తేలిపోతుందనుకుంటే 2009కీ 2014కీ మధ్య టెక్కలిలో ఎవరి జనాభా మారింది? ఆ ఊళ్లే, ఆ మనుషులే. కులం లెక్క అభ్యర్థి ఎవరో చెబుతుంది, ఫలితం మొత్తాన్ని చెప్పదు.

ఇక 34,435. దీన్ని కూటమి గాలి అని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. జనసేన, బీజేపీలతో కలిసి పోటీ చేసిన మాట నిజం. రెండు జిల్లాల్లో కూటమికి ఎదురే లేకపోయింది. అయితే అంకెలు విడదీస్తే తెలుగుదేశానికి 2019 కన్నా 20,265 ఓట్లు పెరిగాయి, వైఎస్సార్‌సీపీకి తగ్గింది 5,625. ఎదుటివాళ్ల ఓటు విరిగి ఇటు పడిందనే కన్నా, అటు పెద్దగా కదలకుండానే ఇటు కొత్తగా వచ్చి చేరిందనడం సబబు. మూడు ఎన్నికల్లోనూ వైఎస్సార్‌సీపీ ఓటు 72 వేలకు తగ్గలేదు, 80 వేలు దాటలేదు. ఇంత పెద్ద ఓటమిలోనూ చెక్కుచెదరని ఆ డెబ్బై మూడు వేలను లెక్కలోకి తీసుకోకుండా టెక్కలి ఏకపక్షమని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ఈ మెజారిటీల వెనక ఊళ్ల కష్టాలున్నాయి. సంతబొమ్మాళి మండలంలో కాకరాపల్లి థర్మల్ ప్లాంటు వద్దని జనం తిరగబడితే 2011 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే మండలంలో ఇప్పుడు మూలపేట పోర్టు వస్తోంది. 2023 ఏప్రిల్‌లో దానికి శంకుస్థాపన జరిగింది. నౌపడ ఉప్పుమళ్లు, వంశధార ఎడమ కాలువ నీళ్లు శివారు దాకా రాని పొలాలు, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పడగొట్టిన కొబ్బరి, జీడి తోటలు, ఇవన్నీ పక్కపక్కనే ఉన్న ఊళ్లు. ఓటరు మనసు ఏ ఒక్కదాని వల్ల ఎటు తిరిగిందో కొలిచి చెప్పే సాధనం ఎవరి దగ్గరా లేదు. కానీ ఇవి తెలియకుండా అంకెలు మాత్రమే పట్టుకుంటే టెక్కలి కాగితం మీది పేరయిపోతుంది.

ప్రతిపక్షంలో అయిదేళ్లు

2014 నుంచి 2019 వరకూ మంత్రిగా ఆయన మొదట కార్మిక శాఖ, 2017 మార్పుల తర్వాత రవాణా, బీసీ సంక్షేమం చూశారు. ప్రభుత్వం మారాక, కార్మిక శాఖ కింద జరిగిన ఈఎస్ఐ కొనుగోళ్లలో అవకతవకలున్నాయన్న ఆరోపణతో 2020 జూన్ 12న ఏసీబీ అధికారులు నిమ్మాడలో ఆయన్ను అరెస్టు చేశారు. ఆరోపణలను ఆయన ఖండించారు. ఆగస్టులో హైకోర్టు బెయిలిచ్చింది. అక్టోబర్‌లో తెలుగుదేశం ఆయన్ను రాష్ట్ర అధ్యక్షుడిని చేసింది. 2021 పంచాయతీ ఎన్నికల్లో నిమ్మాడ సర్పంచ్ పదవికే పోటీ వచ్చింది. నిలబడింది ఆ కుటుంబ బంధువే. ఆ నామినేషన్ గొడవలో ఆయన మరోసారి అరెస్టయ్యారు. తెలుగుదేశం మద్దతిచ్చిన అభ్యర్థే గెలిచారు. రాష్ట్ర స్థాయి నాయకుడికైనా పునాది సొంత ఊరి పంచాయతీ దగ్గరే ఉంటుందని ఎదుటి పార్టీకి తెలుసు, అందుకే అక్కడ తట్టింది.

2024 జూన్ 12న వ్యవసాయ మంత్రిగా ప్రమాణం చేశారు. సహకార, మార్కెటింగ్, పశుసంవర్ధక, మత్స్య శాఖలూ ఆయనవే. అరెస్టయిన తేదీకి సరిగ్గా నాలుగేళ్లు.

మీరే చూసుకోవాలంటే

ఒక నాయకుడి బలం ఎక్కడుందో తెలియాలంటే మొత్తం మెజారిటీ చాలదు. ఎన్నికయ్యాక రిటర్నింగ్ అధికారి ఫారం 20 అనే పట్టిక తయారు చేస్తారు. ఎడమ పక్క పోలింగ్ కేంద్రం నంబరు, తర్వాత ఒక్కో అభ్యర్థికి ఆ కేంద్రంలో పడిన ఓట్లు, నోటా, చివర మొత్తం. ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో దొరుకుతుంది. మీ బూత్ నంబరు ఓటరు చీటీ మీదే ఉంటుంది. వరుసగా రెండు ఎన్నికల ఫారాలు తీసి మీ ఊరి వరుసలు పోల్చండి. అసెంబ్లీకీ లోక్‌సభకూ వేరువేరు ఫారాలుంటాయి కాబట్టి మీ బూత్‌లో ఎమ్మెల్యేకి ఒకరికి, ఎంపీకి ఇంకొకరికి ఎందరు వేశారో కూడా అంచనా తెలుస్తుంది. బూత్ నంబర్లు ఎన్నికకూ ఎన్నికకూ మారుతుంటాయి, ఊరి పేరు సరిచూసుకోవాలి. ఈ పని చేసినవాళ్లు టీవీలో కూర్చుని చెప్పే మాటల్ని మునుపటిలా వినలేరు.

2009 లెక్కల్ని 2004 లెక్కలతో మాత్రం ఇలా పోల్చకూడదు. టెక్కలి అనే పేరు రెండింటిలోనూ ఉంటుంది, ఊళ్లు వేరు. 2022లో జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. జిల్లావారీ లెక్కలు చెప్పేటప్పుడు పదా, ఎనిమిదా అన్న తికమక అక్కడి నుంచి వచ్చింది. అవి జిల్లా సరిహద్దులే తప్ప నియోజకవర్గాలను తాకలేదు.

నియోజకవర్గాలను తాకే పని ముందుంది. 2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ సీట్లను 175 నుంచి 225కు పెంచాలంటుంది. అయితే రాజ్యాంగం ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా ఆ పని కుదరదు. సీట్లు వెంటనే పెంచాలని వేసిన పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023లో చేసిన మహిళా రిజర్వేషన్ సవరణ అమలును కూడా ఆ పునర్విభజనతోనే ముడిపెట్టారు. అంటే గీతలు మారతాయి, కొన్ని సీట్లు మహిళలకు వెళతాయి, ఎస్సీ, ఎస్టీ సీట్లు అటూఇటూ అవుతాయి. 2009లో నలుగురికి జరిగింది ఈసారి ఇంకెందరికో జరుగుతుంది. వాళ్లలో కొందరు ఇప్పుడు తిరుగులేదనుకుంటున్నవాళ్లే అయి ఉంటారు.

నాయకుల సంగతి వాళ్లు చూసుకుంటారు. ఊళ్ల సంగతి ఎవరు చూడాలి? పునర్విభజన కమిషన్ ముందు ముసాయిదా ప్రచురిస్తుంది. అభ్యంతరాలకు గడువు పెట్టి బహిరంగ విచారణ జరుపుతుంది. నందిగాం టెక్కలితోనే ఉండాలా, పలాసతో కలవాలా? సంతబొమ్మాళి తీర గ్రామాలకు ఏ ఊరు దగ్గర, ఏ బస్సు దొరుకుతుంది? వలస వెళ్లినవాళ్లను లెక్కలోంచి తీసేసి సీట్లు తగ్గిస్తే ఊరుకుంటామా? పంచాయతీ తీర్మానంతో అయినా, పది మంది సంతకాల అర్జీతో అయినా, ఆ గడువులోనే చెప్పాలి. తుది ఉత్తర్వు గెజిట్‌లో వచ్చాక దానికి చట్టంతో సమానమైన బలం ఉంటుంది, కోర్టులో ప్రశ్నించే దారి దాదాపు మూసుకుపోతుంది. అందుకే ముసాయిదా వచ్చిన రోజే మండలాల జాబితా తీసి, పాత జాబితా పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాలి.